మేష్టారి మెడకింద పొయ్యి

వరహాలరావు మేష్టారికి చలి వెయ్యదు. అరకులోయలో ఈ సంగతి కోళ్ళక్కూడా తెలుసు. పుష్యమాసంలో పొద్దెక్కినా మంచు విడవక, బస్సు డ్రైవర్లు పగలే లైట్లు వేసుకుని కొండ దిగే వేళ, ఊరు ఊరంతా దుప్పట్లలో మూటలై చలిమంటల చుట్టూ పడి ఉంటే, మేష్టారు మాత్రం పొట్టిచేతుల చొక్కా ఒకటి తొడుక్కుని, పై గుండీలు రెండూ విప్పేసి, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ బజారుకి వస్తారు. నలుగురున్న చోట నిలబడతారు. "అబ్బ, ఏం ఉక్కర్రా" అంటారు.

ఆ మాట వింటే అప్పటిదాకా చలి వెయ్యనివాడికి కూడా వేస్తుంది.

విశాఖ వెళ్ళే బస్సులో ఆయన ఎక్కారంటే ముందు చేసే పని కిటికీ అద్దం బర్రుమని తొయ్యడం. వెనక సీట్లోంచి ఎవరో ఒకరు మొత్తుకుంటారు.

"మేష్టారూ, కిటికీ ముయ్యండి బాబూ. బిగుసుకుపోతన్నాం."

"గాలాడాలి నాయనా. లోపల పొయ్యి మండుతుంటే పైన గాలి తగలొద్దూ?"

ఒకసారి కండక్టరుకి ఒళ్ళు మండి, ఆయన్ని తీసుకెళ్ళి ఇంజను పక్క సీట్లో కూలేశాడు. కాళ్ళు మాడిపోయేంత వేడి అక్కడ. మేష్టారు కిమ్మనకుండా, కళ్ళు మూసుకుని, ఘాటురోడ్డు అయ్యేదాకా అలాగే కూచున్నారు. పాపం, ఉక్కమనిషికి ఎంత శిక్ష వేశారు, ఎంత ఓర్చుకున్నాడు అని బస్సంతా జాలిపడింది. దిగేటప్పుడు కండక్టరు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. "పర్లేదులే నాయనా, వచ్చేటప్పుడు కూడా ఆ సీటే ఇవ్వు" అన్నారు మేష్టారు. ఎంత పెద్దమనసు అనుకున్నారంతా.

ఇంతకీ పొయ్యి ఏమిటంటారా? ఆ ప్రశ్న ఆయన దగ్గర పొరపాటున కూడా అడగకూడదు. అడిగితే మీ మెడకింద, కంటెఎముక పైనున్న గుంటలో రెండు వేళ్ళు పెట్టి మొదలెడతారు.

"ఇదిగో ఇక్కడ. ఒంట్లో కొవ్వు రెండు రకాలు. తెల్లకొవ్వు గాదెలాంటిది. వచ్చింది వచ్చినట్టు దాచుకుంటుంది. గోధుమరంగు కొవ్వు పొయ్యిలాంటిది. చలి తగిలితే చాలు, ఒంట్లో ఉన్న చక్కెరనీ కొవ్వునీ కట్టెల్లా ఎగదోసుకుని మండుతుంది. వణక్కుండా వేడి. ఎముకలు కొరికే చలిలో కొండమనిషి ఎలా తిరుగుతున్నాడనుకున్నావు? ఈ పొయ్యి ఉండబట్టే."

అక్కడితో వదిలితే బాగుండును. వదలరు. అక్కణ్ణుంచి దేశాలు పట్టిపోతారు.

"ఫిన్లాండు వాళ్ళు మనుషుల్ని చల్లటి గదుల్లో పడుకోబెట్టి లోపలి పొయ్యిని ఫొటో తీశారు. నెదర్లాండ్సు వాళ్ళు రోజూ కాసేపు చలిలో కూచోబెడితే పొయ్యి ఇంకా రాజుకుంటుందని చూపించారు. జపాను వాళ్ళు కారం లేని మిరపకాయ సారం తినిపించి చూశారు. చక్కెరజబ్బుకీ ఊబకాయానికీ ఇందులో ఏదైనా దారి దొరుకుతుందేమో అని ప్రపంచమంతా ఇదే పని మీద ఉందిప్పుడు."

సంతలో టీ కాచే సోములమ్మ ఇది వినీ వినీ ఒకరోజు గరిటె కింద పెట్టి అడిగింది.

"కారం నేని మిరపకాయేటి మేష్టారూ? దానికన్నా దొండకాయ తినీచ్చు కదా?"

"అందులో గుణం వేరు సోములమ్మా."

"పోనీ ఆ నెదరాండోలు మీకేటవుతారు? దినం వాళ్ళ ఊసే సెప్తారు. సుట్టాలా?"

మేష్టారు విసనకర్ర ఆపి, కొండలకేసి చూసి, "చుట్టాలకంటే ఎక్కువ" అన్నారు.

ఆయన సతీమణి ఉమామహేశ్వరిగారు ఈ పొయ్యి మాట వచ్చినప్పుడల్లా కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోతారు. నవ్వుతున్నారో దగ్గుతున్నారో ఎవరికీ తెలీదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. చలికాలం ఎండ వచ్చినరోజు మాత్రం పెరట్లో దండెం మీద మూడు బరువైన రగ్గులు ఆరుతుంటాయి. "ఇన్ని రగ్గులేటమ్మగారూ?" అని ఎవరైనా అడిగితే, "చుట్టాలొస్తేనూ" అంటారు. ఆ ఇంటికి చుట్టాలు రావడం ఎవరూ చూడలేదు.

మేష్టారిది విజయనగరం వైపు పల్లపు ఊరు. ఉద్యోగం వచ్చి కొండెక్కారు, డుంబ్రిగుడకి అవతల ఒక కొండపల్లెలో బడి. పిల్లలు అక్కడే, పాఠం అక్కడే, రిటైరయ్యాక కాపురం కూడా ఇక్కడే. ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళని కనిపెట్టడం చాలా తేలిక. వాళ్ళు స్వెటర్ని స్వెటరనరు, మూత అంటారు. "మూత ఏసుకోనేదేటే గుంటా?" అని తల్లులు కూతుళ్ళని కేకలేస్తుంటే పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు గిన్నెల కోసం వెతుక్కుంటారు. పొయ్యి లోపలుంటే పైన వేసుకునేది మూతే కదా. మేష్టారి సైన్సు అది.

అలా మూత వేసుకుని పెరిగిన పిల్లే రమణి. కాఫీతోటల ఊరిది. ఇప్పుడు విశాఖలో పీహెచ్‌డీ చేస్తోంది. దేని మీద? ఇంకెందుకడగడం, ఆ గోధుమరంగు కొవ్వు మీదే. తరతరాలుగా ఈ చలిలో బతుకుతున్న కొండవాళ్ళ ఒంట్లో ఆ పొయ్యి ఎలా మండుతోందో చూడాలని ఆ పిల్ల పట్టుదల. వేడిని ఫొటో తీసే కెమేరా ఒకటి గైడుగారిని బతిమాలి తెచ్చుకుంది. వెచ్చగా ఉన్నచోటు ఎర్రగా, చల్లగా ఉన్నచోటు నీలంగా పడుతుంది అందులో. పల్చటి బట్టతో చల్లటి హాల్లో గంటసేపు కూచోవాలి. అప్పుడు కంటెఎముక పైన ఎర్రగా కనిపిస్తే లోపల ఏదో మండుతున్నట్టు లెక్క. అదొక్కటే రుజువు కాదనుకోండి, తర్వాత విశాఖలో ఇంకా పరీక్షలుంటాయి. కానీ మొదటి మెట్టు మాత్రం ఇదే.

మేష్టారి సంబరం చూడాలి. సంత నాలుగు మూలలా తిరిగి చెప్పారు.

"ఫిన్లాండు వాళ్ళు చేశారు, జపాను వాళ్ళు చేశారు, ఇప్పుడు మన రమణి చేస్తోంది. మీరందరూ వెళ్ళి కూచోవాలి. కొండవాడి పొయ్యి ఏపాటిదో ప్రపంచానికి తెలియాలి."

సంత మైదానం పక్కనున్న పాత హాల్లో రమణి కెమేరా పెట్టుకుని కూచుంది. కూచుంది, కూచుంది. ఒక కుక్క వచ్చి చూసి వెళ్ళింది.

మర్నాడు ఆమె మేనమామ పోతురాజు వచ్చాడు. కాఫీతోట మనిషి, చెయ్యెత్తితే కొమ్మ అందే పొడుగు. సొంత మేనకోడలు పిలిస్తే రాకుండా ఎలా ఉంటాడు? గంట కూచోమంటే, "గంటేటే, నాకు తోటలో పనున్నాది, బేగి తీసీ" అన్నాడు. సరే, యంత్రం ఎలా పనిచేస్తుందో చూపిద్దామని ఒక ఫొటో తీసింది. తెర మీద చెవుల దగ్గర్నుంచి రొమ్ముదాకా ఎర్రటి ఎరుపు. రమణి గుండె ఒక్కసారి ఎగిరింది. ఆ తర్వాత ముక్కు పనిచేసింది.

"మావా, పొగ వాసనొస్తన్నాది. మంటకాడ కూకున్నావా?"

"కూకుంటే తప్పేటి?"

"సల్లగా రావాలని సెప్పినాను కదా."

"పరీచ్చకి సదువుకోకుండా ఎల్తారేటే ఎవులైనా?"

వెనకే సోములమ్మ వచ్చింది. ఆమె మెడకి తలనొప్పి బాము పట్టించుకొచ్చింది. ఇంకొకామె అల్లం నూరి రాసుకొచ్చింది, ఆ మంటకి కళ్ళమ్మట నీళ్ళు. ఇంకో పెద్దమనిషి వేడినీళ్ళ సీసా ఒకటి కండువాలో దాచి మెడకి చుట్టుకొచ్చాడు. ఎరుపొస్తే పాసు, నీలమొస్తే ఫెయిలు అని ఊళ్ళోళ్ళంతా ఎవరి తయారీ వాళ్ళు చేసుకున్నారన్నమాట. ఆ ఫొటోలు ఒక్కటీ పనికిరావు. ఇలా వద్దు, ఏమీ రాసుకోకుండా, మంటకాడ కూకోకుండా రండి అని రమణి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. ఇక ఎవరూ రాలేదు.

"ఎందుకు మావా?" అని పోతురాజుని నిలేసింది.

పోతురాజు దుప్పటి సర్దుకున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"సూడే. కొండోడి మెడకింద పొయ్యున్నాదని మేష్టారు మాకు సిన్నప్పట్నుంచి సెప్పినారు. మేం మా పిల్లలకి సెప్పినాం. ఇప్పుడు నీ మిసను ముందర కూకుని, పొయ్యి నేదని తేలితే? ఊర్లో మొకమెట్టా సూపించాల? పెళ్ళికెదిగిన గుంటలున్న ఇళ్ళు కదా మావి. 'ఆళ్ళ ఇంట పొయ్యి ఆరిపోనాది' అంతారు."

రమణి వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంది. శివరాత్రి వస్తే చలి శివశివా అని పోతుంది. ఈ కాస్త చలీ పోతే ఏడాది పోయినట్టే. కెమేరా మళ్ళీ దొరుకుతుందో లేదో. మనుషులు దొరక్కపోతే ఏం చెయ్యాలని గైడుగారిని అడిగితే, "వేరే టాపిక్కు చూసుకోమ్మా, ఎలకలు ఎప్పుడూ దొరుకుతాయి" అని ముందే అన్నాడాయన. ఇన్నాళ్ళ కష్టం, ఇంత ఇష్టం, రెండూ ఎలకల పాలు.

తిన్నగా మేష్టారింటికి వెళ్ళింది. అరుగు మీద గుండీలు విప్పుకుని విసురుకుంటున్నారు. ఉమామహేశ్వరిగారు గుమ్మంలో చోళ్ళు చెరుగుతున్నారు.

"ఏటమ్మా రమణీ, ఎంతమంది అయ్యారు? జపాను వాళ్ళని దాటేశామా?"

"సున్నా మేష్టారూ."

"అదేం?"

"మీవల్లే."

చిన్నప్పట్నుంచీ దేవుడిలా చూసిన మనిషిని ఆ మాట అనేసరికి రమణికే భయం వేసింది. కానీ మొదలెట్టాక ఆపలేదు. మంటలు, బాములు, అల్లం ముద్ద, ఆరిపోయిన పొయ్యి, పెళ్ళి కావలసిన గుంటలు, ఎలకలు, మొత్తం చెప్పేసింది.

మేష్టారి విసనకర్ర ఆగిపోయింది. చేట కూడా ఆగింది. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపేమిటో రమణికి అర్థం కాలేదు.

"అయితే ముందు నేను కూచుంటాను" అన్నారు మేష్టారు. "సంతరోజున. అందరి ముందరా."

"వద్దు మేష్టారూ. అరవై దాటాక చాలామందిలో ఆ కొవ్వు కనపడదు. మీకు తెలుసు కదా."

"తెలుసు. నేను చదవలేదేటి?"

"ఎవరి బొమ్మ వాళ్ళకే చూపించాలి. అది మా పద్ధతి."

"నా బొమ్మ నేను ఎవరికి చూపించుకుంటే నీకేం? తెర జనం వైపు తిప్పి పెట్టు."

"నీలంగా వస్తే?"

మేష్టారు మళ్ళీ విసురుకోవడం మొదలెట్టారు. "అబ్బ, ఏం ఉక్క" అన్నారు. ఉమామహేశ్వరిగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

రమణి దిగులుతో ఇంటిదారి పట్టింది. పాపం, ఈయన తన ఒంట్లో నిజంగా పొయ్యి ఉందని నమ్ముతున్నాడు. తెర మీద నీలం పడితే ఇన్నేళ్ళ పేరు ఒక్క నిమిషంలో పోతుంది. మేష్టారికే లేకపోతే మాకెక్కడిదని ఊళ్ళోళ్ళు ఒక్కరు కూడా రారు. రెండువిధాలా తనే పాపాత్మురాలు.

సంతరోజు వచ్చింది. ఆవేళ మంచు ఎంత చిక్కగా ఉందంటే, అడ్డాకుల మోపులు తెచ్చినవాళ్ళు తమ మోపులు తామే వెతుక్కున్నారు. సంగతి ముందే పాకింది. పసుపు కొమ్ములు అమ్మేవాళ్ళు, కోళ్ళు తెచ్చినవాళ్ళు, కొనేవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు, అందరూ హాల్లోకి జొరబడ్డారు. సోములమ్మ టీ పొయ్యి ఆర్పేసి మరీ వచ్చింది. మనుషుల వేడి కుర్చీ దాకా రాకూడదని రమణి జనాన్ని అవతలి గోడ దాకా నెట్టింది.

మేష్టారు చొక్కా విప్పి, బనీనుతో, గాలి సూటిగా కొట్టే కిటికీ కింద కుర్చీలో కూచున్నారు. విసనకర్ర పక్కన పెట్టించింది రమణి.

గంటసేపు ఒక మనిషికేసి కదలకుండా చూస్తే ఎన్ని కనిపిస్తాయో, ఆవేళ తెలిసింది రమణికి. కాసేపటికి మేష్టారి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత గెడ్డం బిగుసుకుంది. తర్వాత మోకాళ్ళు రెండూ వాటంతటవి తాళం వెయ్యసాగాయి. అన్నిటికన్నా వింత, ఆయన మాట్లాడటం లేదు. నెదర్లాండ్సు మాటే లేదు.

"మేష్టారూ, మాట్లాడొచ్చు. దానికేం అడ్డు లేదు."

మేష్టారు తల అడ్డంగా ఊపారు. నోరు తెరిస్తే పళ్ళు టకటకలాడతాయని అప్పుడు తట్టింది రమణికి. ఒక్కసారి మాత్రం జనంకేసి చూసి, "ఉ... ఉ... ఉక్క" అన్నారు. జనం అది యోగం అనుకుని దణ్ణం పెట్టారు.

గంట అయింది. రమణి ఫొటో తీసింది. తెర జనం వైపే ఉంది.

ముక్కు నీలం. చెవులు నీలం. కంటెఎముకల పైన, ఎక్కడైతే రెండు వేళ్ళు పెట్టి ప్రపంచానికంతా పాఠం చెప్పారో అక్కడ, వానాకాలం గుంటల్లా రెండు నీలపు మడుగులు.

హాల్లో కోళ్ళు కూడా నోరెత్తలేదు.

"మేష్టారూ, నీలంగున్నాదేటి?" అంది సోములమ్మ మెల్లిగా. "పాసా, ఫెయిలా?"

మేష్టారు మెడ తిప్పి తెరకేసి చూసుకున్నారు. తాపీగా, ఎవరి పరీక్ష పేపరో దిద్దుతున్నట్టు పైనుంచి కిందకి చూశారు. ఆ తర్వాత నవ్వారు.

"ఫెయిలు. శుద్ధ ఫెయిలు. సున్నా. నా ఒంట్లో పొయ్యీ లేదు, నిప్పురవ్వా లేదు."

 ఆయన లేచి నిలబడ్డారు, కుర్చీ వీపు పట్టుకుని.

"చూశారు కదా, ఫెయిలయ్యాను. కొంపేమైనా మునిగిందా? పైకప్పు మీద పడిందా? ఫెయిలైన నా బొమ్మ కూడా ఈ గుంటకి కావాలి. నీలం ఎంతమందికి, ఎరుపు ఎంతమందికి అన్నదే కదా లెక్క. రెండూ ఉంటేనే సైన్సు. ఇదిగో కుర్చీ. మేష్టార్ని దాటగలిగినవాడు ఎవడైనా ఉంటే రండి. బడిలో ఎలాగూ ఎవడూ దాటలేదు."

ఆ చివరి మాట సూటిగా వెళ్ళి పోతురాజుకి తగిలింది. ఏడోతరగతి సైన్సులో మేష్టారి చేతి సున్నా పుచ్చుకున్న మనిషి. ఆ సున్నా ఎంత గుండ్రంగా ఉండేదో ఇప్పటికీ చెబుతాడు. దుప్పటి తీసి సోములమ్మ మీదకి విసిరేశాడు.

"లెగండి మేష్టారూ. గంటేటి, రెండు గంటలు కూకుంతాను. తెర అలాగే జనం ఏపు ఉండనీ."

కూచున్నాడు. వణకలేదు. గోడవారనున్నవాళ్ళతో కాఫీ పళ్ళ ఊసులాడుతూ, మధ్యలో ఒక కోడిని బేరమాడుతూ కూచున్నాడు. రమణి ఫొటో తీసింది. ముక్కు నీలం, చెవులు నీలం, భుజాలు పచ్చన. కంటెఎముకల పైన మాత్రం ఊదిన బొగ్గుల్లా రెండు ఎర్రటి మచ్చలు.

హాలు దద్దరిల్లిపోయింది. పోతురాజు లేచి, మేష్టారి కాళ్ళకి దణ్ణం పెట్టి, తలెత్తి, "ఇప్పుడెంత ఏస్తారు?" అన్నాడు.

"నూటికి నూరు" అన్నారు మేష్టారు. పళ్ళు టకటకలాడుతున్నా ఆ రెండు మాటలూ గోడలదాకా వినిపించాయి.

అంతే, ఎన్ని కుర్చీలు వరసగా వేసినా ఒక్కటి ఖాళీ ఉంటే ఒట్టు. మేష్టార్ని దాటే అవకాశం ఎవడు వదులుకుంటాడు? ఆడవాళ్ళకి పక్కన తెర కట్టి చోటు చేసింది రమణి. అవతలి కొండల వాళ్ళు మా ఊళ్ళకెప్పుడొస్తావని అడిగిపోయారు. అందరికీ ఎరుపు పడలేదు లెండి. నీలం పడినవాళ్ళూ బాగానే ఉన్నారు. అయితే ఎవరూ సిగ్గుపడలేదు. వాళ్ళు మేష్టారి జట్టు అయ్యారు. "నువ్వే జట్టే?" "నాను మేష్టారి జట్టప్పా" అని సంతలో గర్వంగా చెప్పుకున్నారు. సోములమ్మ మేష్టారి జట్టే. ఆ సాయంత్రం జట్టు మొత్తానికి టీ ఊరికే పోసింది.

కాస్త తీరిక దొరికాక రమణి మేష్టారి కోసం వెతికింది. హాలు వెనక వసారాలో ఒక పెద్ద మూట కనిపించింది. మూటలోంచి ముక్కూ, టీ గ్లాసూ బయటికి ఉన్నాయి. పక్కన ఉమామహేశ్వరిగారు.

మూడు రగ్గులూ ఆయన మీదే ఉన్నాయి.

"చుట్టాలకని చెప్పేదాన్ని కదమ్మా, ఈ చుట్టానికే" అన్నారు ఉమామహేశ్వరిగారు. "ఈ కొండెక్కినప్పట్నుంచీ మూడూ ఆయనవే. నాకో దుప్పటి చాలు."

"మేష్టారూ, మీకు చలి వేస్తుందా?" అంది రమణి.

"వెయ్యడమా?" అంది మూట. "నా అంత చలిమనిషి విజయనగరం జిల్లాలో పుట్టలేదు. ఆ ఇంజను పక్క సీటు నా పాలిట వైకుంఠం తల్లీ."

"మరి ఈ విసనకర్ర? ఈ ఉక్క? ఎందుకు మేష్టారూ?"

మూట టీ తాగడంలో మునిగిపోయింది. ఉమామహేశ్వరిగారే చెప్పారు.

"బడికి వెళ్ళిన మొదటి చలికాలం. స్వెటరు, దాని మీద కోటు, మఫ్లరు, కోతిటోపీ, చేతులకి కూడా మేజోళ్ళు. ఎలుగుబంటిలా వెళ్ళారు. సాయంత్రం అన్నీ సంచీలో కుక్కుకుని, ఉత్త చొక్కాతో వణుక్కుంటూ వచ్చారు. ఏమైందండీ అంటే, 'ఉమా, ప్రార్థనలో పిల్లలంతా ఒక్కొక్క చొక్కాతో నిలబడ్డారు. నన్ను చూసేదాకా హాయిగా ఆడుకుంటున్నారు. నన్ను చూశాక తమకి లేదని తెలిసింది' అన్నారు. మర్నాడు వెళ్ళి ఈ పొయ్యి కథ కట్టారు."

"కట్టడమేం?" అంది మూట. "పసిపిల్లల ఒంట్లో, చలిదేశపు జంతువుల ఒంట్లో అలాంటి కొవ్వుంటుందని పుస్తకంలో చదివాను. పెద్దాళ్ళకి ఉండదనే అప్పట్లో అనుకునేవాళ్ళు. నేను కాస్త... కొండంతటికీ సాగదీశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలని కదా."

"అతికింది, అతికి ఊడిరాలేదు" అన్నారు ఉమామహేశ్వరిగారు. "మరుసటేడు వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని పిల్లలకి స్వెటర్లు తెప్పించారమ్మా. ఒక్కడు తొడుక్కుంటే ఒట్టు. 'మాకు పొయ్యున్నాది కదా మేష్టారూ' అన్నారట. ఇంటికొచ్చి తల పట్టుకున్నారు. ఆ రాత్రంతా ఆలోచించి, పొయ్యి మీద మూత పెట్టకపోతే వేడి పోతుందర్రా అని చెప్పి తొడిగించారు."

రమణికి నవ్వాగలేదు. నవ్వుతూనే ఆ చలికాలం ప్రార్థన గుర్తొచ్చింది. మంచులో వరసగా నిలబడి, అందరూ కంటెఎముక పైన రెండు వేళ్ళు పెట్టుకుని, పొయ్యి రాజుకుందా అని చూసుకునేవాళ్ళు. నిజంగా వెచ్చగానే ఉండేది. విశాఖ హాస్టల్లో మొదటిరోజు ఎవరో, "మీ కొండల్లో చలికి ఎలా ఉంటారే?" అని జాలిగా అడిగితే, తల పైకెత్తి, "మాకు పొయ్యి ఉంది" అంది తను. ఆ తల ఇప్పటిదాకా దించలేదు.

"మరి పిల్లలందరికీ మూతలొచ్చాక మీరూ వేసుకోవచ్చు కదా మేష్టారూ?"

"ఏడాదికొకడు కొత్తవాడు చేరేవాడమ్మా, మూత లేకుండా. వాడికోసం మళ్ళీ ఉక్కపోసేది. అలా ఇరుక్కుపోయాను." మూటలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, రెండు వేళ్ళు చాపి. "ఇంకో సంగతి విను. పదిహేనేళ్ళ కిందట అనుకుంటాను, పెద్దాళ్ళ ఒంట్లో కూడా ఆ కొవ్వుందని చలిదేశాల వాళ్ళు తేల్చారని పేపర్లో పడింది. ఉమా, నా అబద్ధం నిజమైపోయిందే అని వీధిలోకి పరిగెత్తాను. అప్పట్నుంచీ ఏ దేశంవాళ్ళు ఏం తేల్చారా అని కోర్టు వాయిదాలా చూసుకుంటున్నాను. కొండవాడి పొయ్యి ఒక్కటే మిగిలిపోయింది. అది ఇవాళ నువ్వు తేల్చావు. నా పిల్లలు నన్ను దాటేశారు. ఇంకేం కావాలి?"

"నేనింకా ఏమీ తేల్చలేదు మేష్టారూ. ఇంకా చాలా పరీక్షలున్నాయి."

"అదీ సైన్సు" అంది మూట గర్వంగా, గ్లాసు చాపుతూ. "ఇంకో టీ పట్రా."

తరవాతి సంతకి మేష్టారు స్వెటరు తొడుక్కుని వచ్చారు. ఇటుకరంగు స్వెటరు, ట్రంకుపెట్టె అడుగున ఇన్నేళ్ళు పడుకుని, కలరా ఉండల వాసన మైదానమంతా పంచుతూ. జనం దారి ఇచ్చి మరీ చూశారు. "ఫలితం వచ్చాక పద్ధతి మార్చుకోవాలర్రా" అంటూ ఆయన పెళ్ళికొడుకులా నడిచారు. ఒకవైపు ఉమామహేశ్వరిగారు, ఒకవైపు రమణి. విసనకర్ర సంచీలో ఉంది.

సోములమ్మ టీ దగ్గరికి వచ్చేసరికి, పైకొండల నుంచి అడ్డాకులు మోసుకొచ్చిన ఒకామె మోపు దించుకుంటోంది. ఆమె కొంగు పట్టుకుని ఒక చిన్నగుంట, పల్చటి గౌనుతో. ఆ పిల్ల చేతులు చంకల్లో పెట్టుకుని మేష్టారి స్వెటరుకేసే చూస్తోంది.

రమణి మేష్టారి మొహంకేసి చూసింది. ఏం జరగబోతోందో ఆమెకి తెలిసిపోయింది.

"అబ్బ, ఏం ఉక్కర్రా" అన్నారు మేష్టారు. స్వెటరు తలమీంచి లాగేశారు. పిల్ల మెడలో వేశారు. అది పాదాలదాకా దిగింది.

"వద్దు మేష్టారూ" అంది తల్లి కంగారుగా. "మీకు పొయ్యి నేదంట కదా, సంతంతా సెప్పుకుంతన్నారు."

"అందుకే కదమ్మా" అన్నారు మేష్టారు, సంచీలోంచి విసనకర్ర తీస్తూ. "పొయ్యి లేనివాడికి మూతెందుకు?"

ఆ మాటకి ఏ దేశం సైంటిస్టు దగ్గరా జవాబు లేదు. రమణి తన చలికోటు జిప్పు కిందకి లాగి, గట్టిగా, సోములమ్మకి కూడా వినపడేలా, "అవును మేష్టారూ, ఉక్కగానే ఉంది" అంది.

ఉమామహేశ్వరిగారు అప్పటికే ఎదర దుప్పట్లమ్మే వాడి దగ్గర నిలబడి, నాలుగో రగ్గు మందం వేళ్ళతో నలిపి చూస్తున్నారు.